వంటింటి ఉత్తరాలు: హాలోవీన్ సాయంత్రానికి మన గుమ్మడికాయ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అక్టోబరు 31 గురించే. పిల్లలు స్కూల్లో, ఫోన్లలో చూసి హాలోవీన్ చేద్దామంటున్నారు, ఇంట్లో ఏం వండాలో తెలియడం లేదు అని. విజయవాడ, గుంటూరు నుంచి వచ్చిన వాటిలో ఆరు తీసుకున్నాను. మొదటి దానికి కాస్త ఎక్కువ చోటు పట్టింది.

ప్రశ్న: మాది విజయవాడ పటమట. మా పాప మూడో తరగతి. హాలోవీన్ రోజు అపార్టుమెంటు పిల్లలందరినీ మనింటికి భోజనానికి పిలుద్దామని నెల రోజులుగా ఒకటే గొడవ. పదిమంది పిల్లలు, పెద్దవాళ్లం ఆరుగురం, మొత్తం పదహారు మంది. వీడియోల్లో చూపించేవన్నీ ఓవెన్‌లో చేసే కేకులు, పైలు. నా దగ్గర గ్యాస్ స్టవ్, కుక్కరు, ఇడ్లీపాత్ర ఉన్నాయి, అంతే. పైగా మా అత్తయ్యగారు "దెయ్యాల పండగ మనింట్లో ఏమిటమ్మా" అని రెండు రోజులుగా ముభావంగా ఉన్నారు. ఏం వండాలి? ఆవిడకి ఏం చెప్పాలి?

జవాబు: ముందు అత్తయ్యగారి సంగతి చూద్దాం అమ్మా, ఇంట్లో పెద్దావిడ మనసు కష్టపెట్టుకుంటే ఆ పూట ఎన్ని వండినా ఎవరికీ సహించదు. ఆవిడ అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. అట్టముక్క దెయ్యాలు, ప్లాస్టిక్ పుర్రెలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ దీని మూలం వేరే. ఐర్లండు, స్కాట్లండు వైపు ఎప్పుడో రెండు వేల ఏళ్ల కిందటే సావిన్ అనే పండగ ఉండేది. పంట ఇంటికి చేరి, చలికాలం మొదలయ్యే రాత్రి అది. ఆ రాత్రి పోయినవాళ్లు ఇల్లు చూసుకోవడానికి వస్తారని వాళ్ల నమ్మకం, వాళ్ల కోసం తిండి విడిగా పెట్టేవాళ్లు. తర్వాత క్రైస్తవంలో నవంబరు 1 సకల పునీతుల పండగ అయింది, దాని ముందు సాయంత్రానికి వచ్చిన పేరే హాలోవీన్. మహాలయ పక్షాల్లో మనం పెద్దలకు పెట్టుకోవడం లేదా? దీపావళి సాయంత్రం గోగు కాడలకు నూనె గుడ్డలు చుట్టి దివిటీలు వెలిగించి పిల్లల చేత కొట్టించేది పితృదేవతలకు దారి చూపించడానికే అని పెద్దవాళ్లు చెబుతారు. ఇక పిల్లలు ఇంటింటికీ వెళ్లి తినేవి అడగడం, వాళ్లు ట్రిక్ ఆర్ ట్రీట్ అంటారు చూడండి, అదీ మనకు కొత్త కాదు. దసరాకి పంతులుగారి వెంట పిల్లలు విల్లంబులు పట్టుకుని పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగితే పప్పుబెల్లాలు పెట్టేవాళ్లు. మీ అత్తయ్యగారు చిన్నప్పుడు చూసే ఉంటారు, లేదా వాళ్లమ్మ చెప్పగా విని ఉంటారు. ఆవిడనే అడగండి, ఆ కబుర్లు పిల్లలకు చెప్పమనండి. ఇంకో మాట, ఆ రోజు దప్పళం ఆవిడ చేతే పెట్టించండి. నా మాట వినండి, ఇది మొహమాటానికి చెప్పడం లేదు, దప్పళానికి చేతివాటం కావాలి, అది ఆవిడకే ఉంటుంది.

ఇక వంట. మంచి తీపి గుమ్మడికాయ, నాలుగైదు కిలోలది, ఒక్కటి కొనండి. ఆ రోజు వంటకి అదే పెద్ద దిక్కు. రైతుబజారులో ముక్కలు కోసి అమ్ముతారు, మీకు నిండు కాయ కావాలి. పటమటలో దొరక్కపోతే వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ దాకా వెళ్లండి. తొడిమ ఎండి గట్టిగా ఉండాలి, గోరుతో నొక్కితే తొక్క దిగకూడదు, చేతిలోకి తీసుకుంటే కనపడే సైజు కన్నా బరువు ఎక్కువ అనిపించాలి. ఆ కాయలో కొంత దప్పళానికి, కొంత బూరెలకు పోతుంది, గింజలు వేయించుకోవచ్చు. మిగతావి ఈ కాలంలో చవకగా దొరికేవే: సీతాఫలాలు, చిలగడదుంపలు, మొక్కజొన్న.

పిల్లలు రాగానే ఉడికించిన చిలగడదుంప ముక్కలు, మొక్కజొన్న గారెలు పెట్టేయండి, ఆడుకుంటూ తింటారు. తర్వాత చిన్న స్టీలు గిన్నెల్లో వేసిన ఇడ్లీలు, తెల్లగా బోర్లించి రెండు నల్ల కిస్‌మిస్‌లు కళ్లలా గుచ్చితే అవే దెయ్యాలు. వేషం అంతవరకు చాలు. రక్తం చట్నీ, పురుగుల నూడుల్స్ అని పేర్లు పెట్టి చూపిస్తున్నారు కదా, అవి మాత్రం వద్దు, చిన్నపిల్లలు కొందరు నిజంగానే భయపడి ఆ పూట అన్నం ముట్టుకోరు. అన్నం పెట్టే చోట అసహ్యం పుట్టించే మాట నాకు అసలు నచ్చదు.

పెద్ద వంటకం దప్పళం, ముద్దపప్పు, నెయ్యి. సంక్రాంతికి చేసుకునేదే. పదహారు మందికి కిలో గుమ్మడికాయ తొక్కతోనే పెద్ద ముక్కలు కోయండి, తొక్క తీస్తే చిదికిపోతుంది. సొరకాయ సగం, ములక్కాడలు మూడు, చిలగడదుంపలు రెండు, నాలుగు వంకాయలు, గుప్పెడు బెండకాయలు, చిన్న ఉల్లిపాయలు. దుంప, ములక్కాడ ముందు ఉడకాలి, గుమ్మడి ముక్కలు ఆఖరున. పెద్ద నిమ్మకాయలు రెండంత చింతపండు పులుసు, తగినంత బెల్లం, దించేముందు రెండు చెంచాల శనగపిండి నీళ్లలో కలిపి పోయాలి. కారం సంగతి జాగ్రత్త. మనది గుంటూరు కారం, పిల్లల కోసం ముందే ఒక గిన్నెలోకి తీసేసి, ఆ తర్వాత మిగతా దాంట్లో కారం, ఎండుమిర్చి తాలింపు వేసుకోండి. పలావు కూడా కావాలంటే కిలోంబావు బియ్యానికి కిలోన్నర కోడి, మీకు చేతనైన పద్ధతిలోనే చేయండి, నలుగురినీ పిలిచిన రోజు కొత్త ప్రయోగాలు వద్దు.

తీపికి గుమ్మడికాయ బూరెలు. ఇది మాత్రం నిదానంగా చదవండి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. కిలో గుమ్మడికాయ తురిమి, మూకుట్లో నాలుగు చెంచాల నెయ్యి వేసి అందులో వేయండి. రెండు నిమిషాల్లో బోలెడు నీరు వదులుతుంది, తురుము అందులో తేలుతుంది. మంట మధ్యస్థంగా పెట్టి, దగ్గరే ఉండి కలుపుతూ ఉండాలి. నీరు ఇగిరే కొద్దీ రంగు మారుతుంది, పసుపు కాస్తా ముదురు నారింజ రంగుకి వస్తుంది, పచ్చి వాసన పోయి నేతి వాసన పైకి వస్తుంది. గరిటతో మధ్యలో ఒక గీత లాగండి. మూకుడు అడుగు కనిపించి, ఆ దారి వెంటనే పూడిపోకుండా నిలబడిందా, అప్పుడే పావుకిలో బెల్లం కోరు వేయాలి. బెల్లం పడగానే అంతా మళ్లీ జారుతుంది, కంగారుపడొద్దు, ఇంకో పది నిమిషాలు తిప్పండి, దోరగా వేయించిన బొంబాయి రవ్వ గుప్పెడు చల్లితే మిగిలిన తడి అది పీల్చుకుంటుంది. యాలకుల పొడి, కొబ్బరి కోరు వేసి దించి, పూర్తిగా చల్లారాక ఉండలు చేయండి. ఉండ పళ్లెంలో పెట్టి ఐదు నిమిషాలాగి తీస్తే పళ్లెం మీద తడి మరక ఉండకూడదు. ఉందంటే మళ్లీ స్టవ్ మీదకే, ఎందుకంటే తడి పూర్ణం నూనెలో పగులుతుంది, నూనె చిందుతుంది. మా ఇంట్లో ఒక దసరాకి తొందరపడి వేస్తే బూరె పగిలి మా అమ్మ ముంజేయి కాలింది, ఆ మచ్చ చాలా ఏళ్లు ఉంది. పై తోపుకు ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యం నానబెట్టి, గారెల పిండి కన్నా పల్చగా, అట్ల పిండి కన్నా చిక్కగా రుబ్బుకోండి, చిటికెడు ఉప్పు.

సీతాఫలాలు చేత్తోనే గింజ తీసి, గుజ్జు చల్లటి పాలలో కలిపి చిన్న గ్లాసుల్లో ఇవ్వండి. గింజతో సహా మిక్సీలో తిప్పకండి. ఆ గింజ నలిగితే మంచిది కాదు, దాని పొడి కళ్లలో పడితే చాలా మంట.

ఏది ఎప్పుడు అంటే, ఇడ్లీ పిండి, బూరెల పూర్ణం 30 రాత్రికే అయిపోవాలి. 31 పొద్దున పప్పు, బియ్యం నానబెట్టుకోండి. మధ్యాహ్నం దప్పళం. బూరెలు నాలుగున్నరకల్లా వేయించేసి నూనె మూకుడు వెనక్కి జరిపేయండి, పిల్లలు వచ్చాక వంటింట్లో కాగే నూనె ఉండకూడదు. ఆ రోజుల్లో ఆరు కాకముందే చీకటి పడుతుంది, ఆరున్నరకి విస్తళ్లు వేసేయొచ్చు. మేడ మీద పెట్టుకుందామనుకుంటే ఆలోచించండి, అక్టోబరు ఆఖరు మన కోస్తాకి తుపాన్ల కాలం, హాల్లో చాపలు పరచడమే నయం.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట. పోయినసారి గుమ్మడికాయకి ముఖం చెక్కి రెండు రోజుల ముందే వరండాలో పెట్టాం. 31 నాటికి బూజు, వాసన, ఈగలు. మన కాయ గట్టిగా, బల్లపరుపుగా ఉంటుంది, కత్తి దిగదు. మా మావయ్యగారేమో ఆడవాళ్లు నిండు గుమ్మడికాయ కొయ్యకూడదంటారు. ఏం చేయమంటారు?

జవాబు: రెండు రోజుల ముందు చెక్కడం చలి దేశాల లెక్క. ఇక్కడ అక్టోబరు ఆఖరున కూడా పగలు ముప్పై డిగ్రీల దాకా ఉంటుంది, పైగా తేమ. కోసిన గుమ్మడికాయ వేసవిలో బయట పెట్టిన కూరలాంటిది. 31 మధ్యాహ్నం భోజనాలయ్యాక చెక్కండి, అంతకు ముందు వద్దు.

మావయ్యగారి మాటని ఇలా తీసుకోండి: మొదటి వేటు ఆయనదే. మన ఇళ్లల్లో నిండు కాయకి మగవాళ్లు మొదటి గాటు పెట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే, కత్తిపీట ముందు ఆయన కూర్చుని, చుట్టూ పిల్లలు నిలబడితే అదే ఒక వేడుక. ఆయన గాటు తొడిమ వైపు కాకుండా అడుగున పెట్టించండి. అడుగున అరచేయంత గుండ్రంగా కోసి తీసేస్తే, కాయని దీపం మీద బోర్లించినట్టు పెట్టొచ్చు, మన బల్లపరుపు కాయ కదలకుండా కూర్చుంటుంది, తొడిమ పైన అందంగా ఉంటుంది. లోపల పీచు, గింజలు స్టీలు గరిటతో గీకండి. తర్వాత గోడ పల్చబడే దాకా గీకిన గుజ్జు అంతా కూరకీ హల్వాకీ, పారేయకండి. గోడ ఒక అంగుళం మందం మిగిలితే చిన్న కత్తి కూడా దిగుతుంది. కళ్లు, నోరు ముందు పెన్నుతో గీసుకోండి, కత్తి మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే. మొదట్లో ఐర్లండులో వీటిని టర్నిప్ దుంపలకు చెక్కేవాళ్లు, అమెరికాకి వలస వెళ్లాక అక్కడ గుమ్మడికాయ పెద్దదిగా, తేలిగ్గా తొలిచే వీలున్నదిగా కనిపించి దానికి మారారు. అందుకని కాయ ఇలాగే ఉండాలన్న నియమం ఏమీ లేదు.

లోపల కొవ్వొత్తి వద్దు, బ్యాటరీ లైటు పెట్టండి. పిల్లల వేషాలన్నీ పాలిస్టర్ బట్టలే, నిప్పు తగిలితే ఒంటికి అంటుకుపోతాయి.

గింజలు కడిగి ఒక రోజు ఎండబెట్టి, ఉప్పు నీళ్లు చల్లి సన్న సెగ మీద వేయించండి, చిటపటమని ఉబ్బుతాయి. ఇంకొకటి: కొత్త రకం కాయ ఏదైనా కొంటే వండే ముందు పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఆ కాయ మొత్తం పారేయాల్సిందే, ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అలంకారానికి అమ్మే బుల్లి గుమ్మడికాయలు వంటకి కొనకండి.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట. నల్లటి దోసెలు, పొగలు వచ్చే జ్యూస్ వీడియోలో చూశాం. దానికి బొగ్గు పొడి, డ్రై ఐస్ వాడుతున్నారు. ఇంట్లో చేయొచ్చా?

జవాబు: వద్దమ్మా, రెండూ వద్దు. తినే బొగ్గు పొడి కడుపులోకి వెళ్లి మందుల్ని కూడా పీల్చేసుకుంటుంది, వచ్చే పిల్లల్లో ఎవరు ఏ మాత్రలు వాడుతున్నారో మీకేం తెలుసు? డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు. చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టు అవుతుంది, ముక్క పొరపాటున గొంతులోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. నల్లగా కావాలంటే నల్ల నువ్వులు వేయించి బెల్లంతో దంచి చిమ్మిలి చేయండి, చీకటి రంగులో మెరుస్తుంది. ఎరుపుకి బీట్‌రూట్, ఆకుపచ్చకి పాలకూర. పొగ కావాలా, లైట్లు ఆర్పేసి, దీపం పక్కన పెట్టి, మరుగుతున్న చారు గిన్నె మూత తీయండి, పిల్లల్ని మాత్రం రెండడుగులు వెనక్కి నిలబెట్టి.

ప్రశ్న: గుంటూరు లక్ష్మీపురం. మా అబ్బాయి డబ్లిన్‌లో చదువుకుంటున్నాడు. ఆ పండగ అక్కడిదేనట కదా. అక్కడివాళ్లు ఆ రోజు ఏం తింటారు? ఒక్కడే ఉంటాడు, ఫోనులో చెప్పి చేయించాలని ఉంది. ఇక్కడ నేనూ అదే వండుకుందామని.

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. ఒకే సాయంత్రం అక్కడ బిడ్డ, ఇక్కడ తల్లి ఒకే వంట తినడం ఎంత బాగుంటుందో. అవును, అక్కడిదే. అక్టోబరు ఆఖరి సోమవారం వాళ్లకి ప్రభుత్వ సెలవు కూడా. హాలోవీన్ రోజు వాళ్లు వండేది కోల్‌కానన్. పేరు కొత్తది కానీ సరుకులు మన ఇంట్లోవే: బంగాళాదుంప, క్యాబేజీ లేదా కేల్ ఆకు, ఉల్లికాడలు, పాలు, వెన్న. నలుగురికి కిలో దుంపలు మెత్తగా ఉడికించి వేడి మీదే చిదిమి, కాచిన పాలు కొంచెం కొంచెంగా పోస్తూ నురగలా వచ్చేదాకా కలపాలి. సన్నగా తరిగి ఉడికించిన క్యాబేజీ, ఉల్లికాడలు అందులో వేసి, ఉప్పు, మిరియాల పొడి. పళ్లెంలో గుట్టలా పెట్టి నడుమ గుంట చేసి అందులో వెన్న ముద్ద వేస్తారు, అది కరిగి నిండుతుంది, అంచుల నుంచి తీసుకుని అందులో ముంచుకుని తింటారు. అన్నం రాసి మధ్యలో గుంట చేసి పప్పులో నెయ్యి పోసుకునే చేతికి ఇది నేర్పాల్సిన పనేమీ లేదు. పక్కన మీరు పంపిన ఆవకాయ వేసుకుంటాడు, వేసుకోనివ్వండి.

రెండోది బార్మ్‌బ్రాక్, ఎండు ద్రాక్ష వేసిన తియ్యటి రొట్టె. అబ్బాయి కాల్చుకోనక్కర్లేదు, అక్కడ ఆ రోజుల్లో దుకాణాల్లో దొరుకుతుంది. అందులో ఒక ఉంగరం దాచిపెడతారు, ఎవరి ముక్కలో వస్తే వాళ్లకి ఏడాదిలో పెళ్లి అవుతుందని వాళ్ల ముచ్చట. కొరికేటప్పుడు పళ్లు జాగ్రత్త అని చెప్పండి.

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురం. కార్తీకమాసం అంతా మాకు నీచు ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. హాలోవీన్ ఆ నెలలోనే పడితే పిల్లల్ని పిలవడం మానేయాలా?

జవాబు: మానేయడం ఎందుకు? అన్ని ఏళ్లూ పడదు కూడా. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది కనుక 31 కార్తీకంలో పడింది, 2026లో దీపావళి నవంబరు 8, కాబట్టి ఆ ఏడాది ఇబ్బందే లేదు. పడినప్పుడు దప్పళంలో ఉల్లిపాయ మానేసి ఇంగువ వేయండి, పలావు బదులు పులిహోర, కంద బచ్చలి కూర, బూరెలు. పైన రాసిన కోల్‌కానన్ కథ కూడా అదే. సకల పునీతుల పండగ ముందు రోజు కాథలిక్కులు మాంసం మానేసేవాళ్లు, అందుకే ఐర్లండులో ఆ రాత్రికి దుంపలూ ఆకుకూరలూ వచ్చాయి. నక్తాలు ఉండేవాళ్లయితే చుక్క చూశాకే కదా భోజనం, పిల్లలతో పాటే కూర్చోండి.

ప్రశ్న: గుణదల. మేము కాథలిక్కులం. నవంబరు 2న మా నాన్నగారి సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వస్తాం, ఆయన పోయి ఇది మొదటి ఏడాది. 31న పిల్లల వేషాల గోల అమ్మకి నచ్చడం లేదు. సమాధుల పండగ రోజు ఇంటికి వచ్చాక ఏం వండితే బాగుంటుంది?

జవాబు: మొదటి ఏడాది కదా, అమ్మగారి మాటే మాట. 31న పిల్లలు పక్కింటికి వెళ్లి ఆడుకుంటారు, మీ ఇంట్లో దీపం చాలు. ఇంగ్లండులో ఒకప్పుడు ఈ రోజుల్లోనే పోయినవాళ్ల పేరున చిన్న రొట్టెలు చేసి, ఇంటికి వచ్చి ప్రార్థన చేసినవాళ్లకి పంచేవాళ్లు. వాటిని ఆత్మల రొట్టెలు అనేవాళ్లు. మీరు కూడా పంచేది ఒకటి, ఇంట్లో తినేది ఒకటి చేసుకోండి. పంచడానికి గోధుమపిండి, బెల్లం పాకం, నువ్వులు కలిపి చిన్న బిళ్లలు నేతిలో కాల్చండి. ఆదివారం పూజకి వెళ్లే సంచిలో పట్టేంత, నలుగురికి ఇచ్చేంత చాలు, ముందు రోజే చేసి డబ్బాలో పెడితే మెత్తబడవు.

ఇంట్లోకి మీ నాన్నగారు ఏది ఇష్టంగా తినేవారో అదే. ఉత్తరంలో ఒక మూల రాశారు, గోంగూర పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ నంజుకునేవారని. ఎర్ర కాడ గోంగూర కట్టలు నాలుగు 1వ తేదీ సాయంత్రమే వలిచి, కడిగి గుడ్డ మీద ఆరబెట్టండి, తడి ఉంటే పచ్చడి నిలవదు. నూనెలో మగ్గించి, వేయించిన ఎండుమిర్చి, ధనియాలు, వెల్లుల్లి వేసి అమ్మగారి చేత రోట్లో నూరించండి. సమాధుల దగ్గర నుంచి వచ్చేసరికి ఎవరికీ వంట చేసే ఓపిక ఉండదు, కాబట్టి పప్పు కుక్కరులో పెట్టి, బియ్యం కడిగి ఎసరు పోసి సిద్ధంగా ఉంచి వెళ్లండి. వచ్చి స్టవ్ వెలిగిస్తే అరగంటలో వేడన్నం.